కాలిన వాసన

మే 30, శుక్రవారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి ఫ్యాక్టరీలో అందరికీ ఇచ్చారు. ఇంతవరకు బియ్యం డబ్బా మూత మీద బరువుగా పెట్టుకున్నాను. ఎలుకలు రాలేదు, కాబట్టి వృథా కాలేదు. ఈ రోజు రాయడానికి కారణం ఉంది. మనుషులకు చెప్పేది కాదు కాబట్టి దీనికి చెప్తున్నాను.

నాకు వాసన తెలియడం లేదు.

జ్వరం తగ్గింది. ఒళ్లు నొప్పులు పోయాయి, దగ్గు పోయింది, వాటితోపాటు ఇది కూడా పోయింది. పొద్దున మా ఆయన ఏబెల్ కాఫీ తెచ్చిచ్చాడు. వేడిగా ఉంది, తియ్యగా ఉంది. కాఫీ మాత్రం లేదు.

"ఎట్లుండాది?" అన్నాడు.

"బాగుండాది" అన్నాను.

ఆయన ఆటో నడుపుతాడు, కాఫీ పెడతాడు. రెండింటిలో కాఫీయే బాగా చేస్తాడు. అందుకే అబద్ధం చెప్పాల్సి వచ్చింది.

జలుబు ముక్కు. రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

జూన్ 2, సోమవారం

రాలేదు.

ఆయన బండి తీసుకుని పోయాక పరీక్ష పెట్టుకున్నాను. ఎర్రగడ్డ కోశాను. కళ్లలో నీళ్లు వచ్చాయి, వాసన రాలేదు. తలనొప్పి మందు ముక్కు కింద రాశాను. చల్లగా తగిలింది, అంతే. పులికాట్ నుంచి మా చెల్లెలు పంపిన ఎండురొయ్యల డబ్బా మూత తీసి ముఖం లోపల పెట్టాను. ఈ డబ్బా తెరిస్తే పక్కింటి చంద్రకాంతమ్మ తన కిటికీ మూసేస్తుంది. కిటికీ మూసిన చప్పుడు వినిపించింది. వాసన ఉన్నట్టే లెక్క. నాకు తెలియలేదు.

జూన్ 5, గురువారం

నాది ఇంకో పని అయితే ఇంత ఆలోచించను. టైలరు ముక్కు లేకపోయినా జాకెట్టు కుడుతుంది. నేను గుజ్జు ఫ్యాక్టరీ గేటులో మామిడికాయ వాసన చూసే మనిషిని. ట్రాక్టరు రాగానే పై నుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి, కోసి, తొడిమ దగ్గర ముక్కు పెట్టి "పోనీ" అనో "తిప్పు" అనో అంటాను. పులిసింది, మందు చల్లింది, కిరసనాయిలు తగిలింది, తొందరకు పొగేసి మాగబెట్టింది, అన్నీ నా దగ్గరే ఆగాలి. పొగేసిన లోడు ఒక్కటి లోపలికి పోతే ట్యాంకు గుజ్జంతా పొగ వాసనే. ల్యాబులో మిషన్లు ఉన్నాయి. తీపి ఎంత, పులుపు ఎంత అని చెప్తాయి. వాసన చెప్పే మిషను మాత్రం నేనే. చిత్తూరు చుట్టుపక్కల తోటలవాళ్లకు నేను ముక్కక్కను. రెబెక అంటే సగం మందికి తెలియదు.

సోమవారం నుంచి సీజను.

జూన్ 9, సోమవారం

మొదటి రోజు గడిచింది. ఎలా గడిచిందో రాసుకుంటాను, రేపు పనికొస్తుంది.

ల్యాబులోకి ఈ ఏడు కొత్తగా పల్లవి అని ఒక అమ్మాయి వచ్చింది. తిరుపతిలో చదువుకుంది. తెల్లకోటు వేసుకుని నా పక్కన నిలబడింది. మొదటి ట్రాక్టరు కాయ కోసి వాసన చూసినట్టు చూసి, ఆమె చేతిలో పెట్టాను.

"నువ్వు చెప్పు సూద్దాం" అన్నాను.

ఆ అమ్మాయి కళ్లు మూసుకుని చూసింది. "బాగుండాది కదక్కా? తియ్యగా, కొంచెం జిగురు వాసన."

"పోనీ" అన్నాను డ్రైవరుతో.

సాయంత్రం దాకా అలాగే నడిపాను. వెళ్లేటప్పుడు పల్లవి నా చెయ్యి పట్టుకుని, "ఇంత ఓపిగ్గా ఎవరూ నేర్పించలేదక్కా నాకు" అంది.

నేర్పించడం కూడా పనే.

జూన్ 12, గురువారం

రాలేదు.

జూన్ 15, ఆదివారం

మందిరంలో పాస్టరు, దేవుడు మట్టితో మనిషిని చేసి ముక్కులోకి ఊపిరి ఊదాడని చెప్పాడు. ముక్కు ఊపిరికి అని తెలిసింది. వాసన సంగతి చెప్పలేదు. అడుగుదామనుకున్నాను కానీ వెనక భోజనాలకు వరుస పెరుగుతోంది.

జూన్ 20, శుక్రవారం

వచ్చింది! వచ్చింది!

పదకొండో పన్నెండో లోడు. ఓబయ్య ట్రాక్టరు. కాణిపాకం రోడ్డులో తోట ఆయనది, ఏళ్ల తరబడి మాకే వేస్తాడు. అలవాటు కొద్దీ కాయ కోసి ముక్కు దగ్గర పెట్టాను. గుప్పున తగిలింది. పొగ! పాత గోనె, రబ్బరు కలిపి కాల్చినట్టు. ఇన్నాళ్లకు ఒక వాసన. నాకు కళ్లు తిరిగినంత పనైంది. ఇంకో కాయ కోశాను. అదే. అడుగు కాయ. అదే.

"పొగేసినావా అన్నా?" అన్నాను.

"నేనా?" అన్నాడు ఓబయ్య. "నేను పొగేసిన కాయ తెస్తానామ్మా? చెట్టున మాగినవి. మొన్ననే కోసినాము."

"వాసన వస్తాండాది. తిప్పు."

పల్లవి కాయ అందుకుని, "అక్కా, నాకేం..." అంది. నేను వినిపించుకోలేదు. ఆ అమ్మాయికి ఇంకా నేర్పాలి.

ఇంటికి వచ్చేటప్పుడు దారంతా నవ్వుకుంటూ వచ్చాను. మేనేజరు మునిశేఖర్ సారు కూడా ఎదురొచ్చి, "ఈ మాదిరి కచ్చితంగా ఉండల్ల రెబెకక్కా" అన్నాడు. దేవునికి స్తోత్రం.

ఓబయ్య పాపం, పొగేస్తాడనుకోలేదు. మనుషులు మారిపోతారు.

జూన్ 21, శనివారం

ఏబెల్ కాఫీ మాడగొట్టాడు. ఇన్నేళ్లలో మొదటిసారి. చెప్పాను. మళ్లీ పెట్టాడు. అది కూడా మాడింది. ఆయన తాగి, "నాకేం తెలీలేదే" అన్నాడు. ఆటోలో పొగ పీల్చి పీల్చి ఆయన ముక్కు మొద్దుబారిపోయిందని నా అనుమానం.

ఈ రోజు మూడు లోళ్లు తిప్పాను. అందరూ పొగేస్తున్నారు.

జూన్ 22, ఆదివారం

పొద్దున్నుంచి ఇంట్లో కాలిన వాసన. చంద్రకాంతమ్మ పెరట్లో ప్లాస్టిక్ కాలుస్తోందనుకుని పోయి అడిగాను.

"నేను కాల్చేది నువ్వు సూసినావా?" అంది.

"సూసేదెందుకు, వాసన వస్తాండాది గదా."

"నీ రొయ్యల డబ్బాకు నేనెన్నడన్నా నీ ఇంటికొచ్చినానా? కిటికీ మూసుకున్నా. నువ్వూ మూసుకో పో."

మూసుకున్నాను. వాసన లోపలే ఉంది.

జూన్ 24, మంగళవారం

ఐదు లోళ్లు. స్నానం సబ్బు కూడా కాలిన వాసన. ఈ మధ్య దేంట్లోనూ నాణ్యం లేదు.

జూన్ 27, శుక్రవారం

ఓబయ్య మళ్లీ వచ్చాడు. వేరే మడిలో కాయ. కోసి చూశాను. పొగ. ఈసారి మొన్నటి కంటే ఘాటు.

ఆయన గొడవ పడలేదు. బండి దిగి, కాయ ఒకటి తీసి తువ్వాలుతో తుడిచి నాకిచ్చాడు. "వాసన వద్దుమ్మా. తిను. తిని చెప్పు."

నోటి దగ్గరకు తెచ్చేసరికి పొగ ఇంకా గుప్పుమంది. కింద పెట్టేశాను. క్యూలో వెనక ఉన్నవాళ్లంతా చూశారు. ముక్కక్క నోట కూడా పెట్టలేకపోయిందంటే ఆ కాయ ఎలాంటిదో ఇక చెప్పక్కర్లేదు. ఓబయ్య ముఖం చూడలేదు. వేరే బండి నంబరు చూస్తున్నాను.

"నలభై ఏండ్ల తోట" అన్నాడు, ఎవరితోనో తెలియదు. బండి తిప్పుకుని పోయాడు.

సాయంత్రం పోయేటప్పుడు పల్లవి మెల్లగా, "అక్కా, ఓబయ్యగారి కాయ నేను తిన్నాను. బాగుండింది" అంది.

"చదువుకున్నావు గానీ ముక్కు రాలేదు నీకు" అన్నాను.

ఎందుకన్నానో. మంచి పిల్ల.

జూన్ 29, ఆదివారం

ఏబెల్ తలగడ హాల్లో వేశాను. ఆయన దగ్గర కాలిన వాసన వస్తోంది. తలకు రాసుకునే నూనె మార్చమన్నాను, మార్చాడు. చొక్కా మార్చమన్నాను, మార్చాడు. రెండుసార్లు తలకు పోసుకున్నాడు.

"ఇంకేం మార్చల్ల? మొగుడినా?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. మంచినీళ్లు తాగబోయి గ్లాసు కింద పెట్టాను. "నీళ్లు కూడా మాడు వాసన" అన్నాను.

ఆయన నా దగ్గరకు వచ్చి, ఆ గ్లాసెత్తి మొత్తం తాగాడు.

"మేయ్ రెబెకా. నీళ్లు మాడతాయా?"

లైటు ఆర్పేశాను. పడుకున్నాను.

జులై 1, మంగళవారం

ఆయన బస్సుకు ఒప్పుకోలేదు. సొంత ఆటో ఉండగా బస్సెందుకన్నాడు. చిత్తూరు నుంచి తిరుపతి దాకా ఆటోలోనే పోయాం. నడుము సంగతి వేరే డాక్టరుకు చూపించాలి.

ముక్కు డాక్టరు చిన్నామె. ముక్కులోకి లైటు వేసి చూసింది. అంతా శుభ్రంగా ఉందట. మధ్యగోడ కొంచెం ఎడమకు వంగిందట, అది చాలామందికి వంగే ఉంటుందట. తర్వాత బల్ల మీద ఉన్న ప్లాస్టిక్ ముక్కు తీసింది. నిలువునా సగానికి కోసిన ముఖం. నేను కాయలు కోసినట్టే.

"బయట కనబడేది గుమ్మం మాత్రమేనమ్మా, ఇల్లంతా లోపలుంది" అంది. గుమ్మంలో వెంట్రుకలు దుమ్మును ఆపుతాయి. లోపల గోడకు అలమారా అరల్లాగా మూడు మడతలు, ఎప్పుడూ తడిగా. చల్లగాలి లోపలికి పోతే అక్కడే వేడెక్కుతుంది, పొడిగాలి తడుస్తుంది, మిగిలిన దుమ్ము ఆ జిగురుకు అంటుకుంటుంది. ఇదంతా నిద్రలో కూడా జరుగుతూనే ఉంటుందట. పాస్టరు చెప్పిన ఊపిరి ఇదే.

"మరి వాసన?" అన్నాను.

ఆమె వేలు పైకి పోయింది. రెండు కళ్ల నడుమ, ముక్కు పైకప్పు దగ్గర, పోస్టు స్టాంపు అంత జాగా చూపించింది. వాసన తెలిసేది అక్కడొక్కచోటే. దాని పైన పలచటి ఎముక, జల్లెడలాగా చిల్లులు. ఆ చిల్లుల్లోంచి సన్నటి దారాలు పైకి మెదడులోకి పోతాయి. నాలుకకు తెలిసేది ఉప్పు, పులుపు, తీపి, చేదు లాంటి నాలుగైదే. కాఫీ కాఫీ అని, మామిడి మామిడి అని చెప్పేది ఆ దారాలు.

"మీ జ్వరానికి అవి దెబ్బతిన్నాయి. ఇప్పుడు మళ్లీ మొలుస్తున్నాయి. మొలవడం మంచిదే. కానీ దేనికి తగులుకోవాల్సింది దానికి తగులుకోవడంలేదు. రాంగ్ నంబరు అనుకోండి. కింద మామిడి అని ఫోన్ చేస్తే పైన పొగ అని ఎత్తుతున్నారు."

"అంటే పొగ లేదా?"

"లేదమ్మా."

"యాడా లేదా?"

"మీకు వచ్చిన ఏ వాసననూ ఇప్పుడు నమ్మకండి" అంది. లవంగం, నిమ్మకాయ, యూకలిప్టస్ నూనె, రోజాపువ్వు, ఈ నాలుగూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అసలు వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ చూడమంది. నెలలు పట్టవచ్చు. పూర్తిగా రాకపోనూవచ్చు.

ఏబెల్ బయటికి రాగానే, "అయితే నా కాఫీ బాగుండినట్టే గదా" అన్నాడు. ఆయనకు పెద్ద బరువు దిగింది. నాకు అప్పుడే ఎక్కింది.

వచ్చేటప్పుడు కాణిపాకం రోడ్డులోకి తిప్పమన్నాను. ఎందుకని అడగలేదు. ఓబయ్య తోట దగ్గర, కల్వర్టు పక్కన మామిడికాయలు కుప్పగా పోసి ఉన్నాయి. రెండు ఆవులు తింటున్నాయి. మేకలు తోలుకుపోయే ఒకామెను ఎవరివని అడిగాను.

"ఓబయ్యవి. ఫ్యాక్టరీలో పొగ కాయ అని తిప్పినారంట. ఆ మాట ఇన్నాక మండీలో కూడా ఎవురూ ముట్టుకోలేదు."

కుప్ప పైన చెడిపోయింది. అడుగున గట్టివి ఉన్నాయి. ఒకటి తీసి ఏబెల్‌కు ఇచ్చాను. తుడుచుకుని కొరికాడు.

"పొగ వస్తాండాదా?"

"లేదు మేయ్."

"సరిగా సూడు."

ఇంకొకటి తీసుకుని తిన్నాడు. "మొదటిది నువ్వడిగినందుకు తిన్నా. ఇది నాకోసరం."

ఇంటికి వచ్చాం. ఇరవయ్యో తేదీ నేను రాసుకున్నది ఇప్పుడు తిరగేసి చదివాను. ఎంత సంతోషంగా రాసుకున్నానో.

జులై 2, బుధవారం

మునిశేఖర్ సారుకు చెప్పాను. తలుపు వేయమన్నాడు.

"ఎవరెవరికి చెప్పినావు?"

"మా ఆయనకు, మీకు."

"అంతే గదా? మంచిది." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సూడక్కా, ట్యాంకులు నిండినాయి. గుజ్జు కొనే పార్టీ లేదు. గేటు మూస్తే కలెక్టరాఫీసు దాకా పోతారు రైతులు. తెరిస్తే పెట్టుకునేదానికి చోటు లేదు. ఈ టయానికి నీ ముక్కు దేవుడిచ్చినట్టు వచ్చినాది. సీజను అయ్యేదాకా అట్లే ఉండనీ."

"అది తప్పు వాసన సార్."

"తిప్పేదానికి ఏ వాసనైనా సరిపోతాది."

ఆ రోజు కచ్చితంగా ఉన్నానని ఎందుకు మెచ్చుకున్నాడో ఇప్పుడు తెలిసింది.

జులై 3, గురువారం

నాలుగు లోళ్లు తిప్పాను. పొగ వాసన వచ్చింది కాబట్టి వచ్చిందనే చెప్పాను. రాని వాసన వచ్చిందని చెప్పలేదు. అబద్ధం కాదు.

జులై 4, శుక్రవారం

నిన్న రాసింది చదివాను. అబద్ధమే.

పల్లవి ఈ రోజు కాయ చేతిలో పెట్టినా వాసన చూడలేదు. "మీరు చెప్పినాక నేనేం చెప్పేదక్కా" అంది. కోపంగా కూడా అనలేదు. తన ముక్కు మీద తనకే నమ్మకం పోయింది. నాది జ్వరానికి పోయింది, ఆ పిల్లది నా వల్ల పోయింది.

లవంగం చూశాను. కాలిన వాసన. నిమ్మకాయ, కాలిన వాసన. రోజాపువ్వు ముందు పెట్టుకుని అసలు వాసన గుర్తు చేసుకోబోతే, ఓబయ్య తువ్వాలుతో కాయ తుడవడం గుర్తొచ్చింది.

జులై 5, శనివారం

పొద్దున పదింటికి ఓబయ్య ట్రాక్టరు వచ్చింది. ఆఖరి కోత. వెనక బండ్లు రోడ్డు దాకా ఉన్నాయి. ఆయన దిగలేదు. ఇంజను ఆపలేదు.

"ఈ తూరి కూడా పొగేనా చెప్పుమ్మా. పట్టా విప్పకుండా అట్లే పోతాను."

లోడు మీద కప్పిన పట్టా నేనే విప్పాను. పైది, నడుమది, అడుగుది. కోశాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సారు ఆఫీసు మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు.

"పొగ వాసన వస్తాండాదన్నా" అన్నాను.

ఆయన తలూపి గేరు వేశాడు.

"ఆగు. వాసన నీ కాయలో లేదు. నా ముక్కులో ఉండాది."

ఇంజను చప్పుడులో వినపడలేదు. "ఏంది?" అన్నాడు. గట్టిగా అరవాల్సి వచ్చింది. దానివల్ల వెనక ఏడెనిమిది బండ్లవాళ్లకు కూడా వినబడింది. మంచిదే అయింది, మళ్లీ మళ్లీ చెప్పే ఓపిక లేదు. "నాకు జ్వరమొచ్చి ముక్కు చెడింది! నీళ్లు కూడా మాడు వాసనే నాకు! నీకు రెండు తూర్లు తప్పు చెప్పినాను! వేరేవాళ్లకు కూడా చెప్పినాను!"

ఓబయ్య ఇంజను ఆపాడు. వెనక నుంచి ఒకాయన, "మరి నా లోడు?" అన్నాడు. పోయిన వారం మంగళవారం తిప్పిన మనిషి.

"నీది కూడా" అన్నాను.

బూతులు తిట్టాడు. విన్నాను. సగం అయ్యాక పక్కవాళ్లు పట్టుకుని లాగారు.

అప్పుడు పల్లవిని పిలిచాను. రాలేదు. పోయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మూడు ముక్కలూ చేతిలో పెట్టాను.

"నేర్పేదానికి కాదు ఇప్పుడు. నాకు తెల్దు. మొదటి రోజు నుంచీ తెల్దు. నీ ముక్కుతోనే నడిపినాను. చెప్పు."

ఆ అమ్మాయి నన్ను చూసింది, మెట్ల వైపు చూసింది. వాసన చూసింది. మూడూ చూసింది. తొందరపడలేదు.

"బాగుండాయి" అంది. తర్వాత డ్రైవరు సీటు వైపు తిరిగి, "పోనీ" అంది.

సారు మెట్లు దిగి వచ్చాడు. "చోటు యాడుండాది?" అన్నాడు.

ఇందాక తిట్టిన మనిషే ముందుకొచ్చాడు. "చోటు లేదని మీ నోటితో చెప్పండి సార్. కాయ బాగలేదని ఆడోళ్లతో చెప్పించొద్దు."

సారు రోడ్డు దాకా ఉన్న బండ్లను చూశాడు. కొందరు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. "లోపలికి పోనీ" అని చెప్పి ఆఫీసులోకి పోయాడు.

ఓబయ్య ఇంజను తిప్పాడు. నా పక్కకు రాగానే కొంచెం ఆపాడు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను.

"నా కడుపు కాలేది నీకు ముందే వాసన తెలిసినట్టుండాది లేమ్మా" అన్నాడు.

ఎగతాళో, నిజంగానే అన్నాడో తెలియలేదు. ముఖంలో ఏమీ లేదు. లోపలికి పోయాడు.

జులై 6, ఆదివారం

మందిరానికి పోలేదు. ఏబెల్ తలగడ మళ్లీ లోపల వేశాను. కాలిన వాసనే. పక్కకు తిరిగి పడుకుంటే సరిపోతుంది.

జులై 7, సోమవారం

నన్ను గేటు నుంచి తీసేశారు. సీజనులో చేతులు కావాలి కాబట్టి లోపల బెల్టు దగ్గర వేశారు. కడిగిన కాయలు బెల్టు మీద వస్తుంటే చెడినవి ఏరి పక్కకు వేయడం. నిలబడే పని. గేటులో పల్లవి ఉంది. తెల్లకోటు మోచేతుల దాకా మడుచుకుంది. మధ్యాహ్నం వరకు రెండు లోళ్లు తిప్పిందట. ఒకటి కిరసనాయిలు, ఒకటి పులిసింది. డ్రైవర్లు గొడవ పడితే కాయ వాళ్ల ముక్కు దగ్గరే పెట్టి చూపించిందట. నాకు తోచని పద్ధతి.

భోజనాల తర్వాత ఓబయ్య లోడు బెల్టు మీదికి వచ్చింది. చీటీ చూడక్కర్లేదు, కాయ పొడుగు, ముక్కు దగ్గర చిన్న వంపు, నాకు తెలుసు. నా పక్కన మునిరత్నమ్మ. ఆమె పదేళ్లుగా బెల్టు దగ్గరే చేస్తోంది. గేటు మనిషి పక్కన నిలబడటం ఆమెకు కొత్త. ఉండబట్టలేక అడిగింది.

"ముక్కక్కా, ఇప్పుడెట్లుండాది నీకు వాసన?"

చేతిలో ఉన్న కాయను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గోనె, రబ్బరు, పొగ.

"కాలిన వాసన" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "అయితే పక్కకు తీసేద్దామా?"

"వద్దు" అన్నాను. "పోనీ."